ప్రొటీన్ మార్కర్లు ఆయుష్షు లెక్క చెబుతాయా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయని లాప్రోస్కోపీ ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పటికే ఒక రాయి పైత్యనాళంలోకి జారి కామెర్లు వచ్చాయి, బిలిరుబిన్ 6.2 ఉంది. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ అడినోకార్సినోమా, పీటీ2, ఎన్ఎక్స్, సిస్టిక్ డక్ట్ మార్జిన్ ఫ్రీ’ అని ఉంది. దాని కింద పి53 పాజిటివ్, కీ-67 40 శాతం, ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గింది, హెర్‌2 2+ అని రాశారు. కామెర్లున్నప్పుడు చేసిన సీఏ 19-9 పరీక్షలో 212 వచ్చింది. ఆపరేషన్ జరిగి మూడు వారాలైంది. ఇప్పుడు రెండో ఆపరేషన్ చేయాలంటున్నారు. మా బంధువొకరు రిపోర్టు చూసి, ‘ప్రొటీన్లన్నీ చెడ్డగా ఉన్నాయి. ఎంతకాలం బతుకుతారో చెప్పే ప్రొటీన్ ప్యానెల్ పరీక్ష ఉంది. ముందు అది చేయించండి. బాగా రాకపోతే మళ్లీ కోత ఎందుకు?’ అంటున్నారు. ఈ మార్కర్లు నిజంగా ఆయుష్షు చెబుతాయా? ఆ ప్యానెల్ చేయించాలా?

సమాధానం: ముందు తొందర ఉన్న మాట చెబుతాం. ప్యానెల్ కోసం రెండో ఆపరేషన్ ఆపకండి. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్న నాలుగు ప్రొటీన్లలో ఏ ఒక్కటీ, అన్నీ కలిపినా సరే, ఆ ఆపరేషన్ వద్దని చెప్పవు. పీటీ2 దశలో (గడ్డ పిత్తాశయం గోడలోని కండరం దాటినా గోడ బయటికి రాని దశ) బయటపడ్డ పిత్తాశయ క్యాన్సర్‌కి మళ్లీ ఆపరేషన్ చేసి చూస్తే, సగం మందిలో లేదా అంతకంటే ఎక్కువ మందిలో కాలేయం అంచునో లింఫ్ గ్రంథుల్లోనో క్యాన్సర్ మిగిలి ఉన్నట్టు తేలుతుంది. దాన్ని పూర్తిగా తీసేయగలిగితే పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంటుంది. ఇలా అనుకోకుండా బయటపడి మళ్లీ ఆపరేషన్ చేసిన కేసుల మీద 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, మొదటి ఆపరేషన్ తర్వాత 4 నుంచి 8 వారాల మధ్య రెండోది చేయించుకున్నవాళ్ల ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. మీరు మూడో వారంలో ఉన్నారు. అంటే ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీ స్కాన్ తీయించి, వ్యాధి ఇంకెక్కడికీ పాకలేదని చూసుకుని, కామెర్లు తగ్గేలా చూసుకుని ఆపరేషన్‌కి సిద్ధం కావడానికి సరిగ్గా ఇదే సమయం.

ఇక మార్కర్ల సంగతి. మార్కర్ అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనులు చేసేవాటిని పిలుస్తున్నాం. మొదటి రకం జబ్బు ఎటు పోయే అవకాశం ఉందో చెప్పేది. మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ గుంపులోవాళ్లు సగటున ఎక్కువకాలం ఉంటారు, ఆ గుంపులోవాళ్లు తక్కువకాలం ఉంటారు అంటుంది. దాన్ని జాతకం చెప్పే మార్కర్ అనుకోండి. రెండో రకం ఫలానా మందు పనిచేస్తుందా లేదా చెబుతుంది. అది దారి చూపే మార్కర్. పిత్తాశయ క్యాన్సర్‌లో ఇప్పటిదాకా నిజంగా ఉపయోగపడుతున్నవి దాదాపు అన్నీ ఈ రెండో రకానివే. జాతకం చెబుతామంటూ వచ్చిన ప్రొటీన్లు పరిశోధన పత్రాల్లో చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ రోజువారీ వైద్యంలో ఆయుష్షు అంచనాకు నిలబడలేదు.

ఎందుకు నిలబడలేదో ఒక లెక్కతో చూద్దాం. ఇది కేవలం ఊహించుకున్న ఉదాహరణ. 200 మంది రోగుల్లో ఒక ప్రొటీన్ 80 మందికి ఎక్కువగా, 120 మందికి తక్కువగా ఉందనుకోండి. మూడేళ్ల తర్వాత, ఎక్కువ ఉన్న 80 మందిలో 28 మంది (35 శాతం), తక్కువ ఉన్న 120 మందిలో 66 మంది (55 శాతం) బతికి ఉన్నారు. గణాంకాల ప్రకారం ఇది గట్టి తేడాయే. పత్రికలో అచ్చయ్యే తేడా. గ్రాఫు గీస్తే రెండు గీతలూ విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. కానీ దాన్ని ఒక్కో మనిషికీ వర్తింపజేసి చూడండి. ‘ప్రొటీన్ ఎక్కువుంది, మూడేళ్లు దాటరు’ అంటే 28 మంది విషయంలో మన మాట తప్పుతుంది. ‘తక్కువుంది, దాటుతారు’ అంటే 54 మంది విషయంలో తప్పుతుంది. మొత్తం 200 మందిలో 82 మందికి, అంటే నూటికి 41 మందికి తప్పు చెప్పినట్టు. గుంపుల మధ్య తేడా నిజమే, కానీ మనిషి ఆయుష్షుకి అది లెక్క కాదు. మీ బంధువు పొరబడింది ఇక్కడే, ఆ పొరపాటు ఎవరైనా చేసేదే.

దీనికి తోడు ఆ పరిశోధనల్లో కొన్ని లోపాలు పదేపదే కనిపిస్తాయి. పిత్తాశయ క్యాన్సర్ అరుదైనది కాబట్టి చాలా పత్రాలు కొన్ని పదుల మంది మీదే నడుస్తాయి. సంఖ్య పెంచడానికి పైత్యనాళ క్యాన్సర్ రోగుల్ని కూడా కలిపేస్తారు. రెండూ పక్కపక్కనే పుట్టినా వాటిలో జన్యుమార్పులు వేరు, అవి నడిచే తీరు వేరు. ఒకేసారి 20 ప్రొటీన్లు పరీక్షిస్తే, వాటిలో ఏదీ నిజానికి పనికిరానిదే అయినా, కనీసం ఒకటి కాకతాళీయంగా ‘గట్టి ఫలితం’ చూపే అవకాశం 64 శాతం. ఏ స్థాయి దాటితే ‘ఎక్కువ’ అనాలో ముందే నిర్ణయించుకోకుండా, ఫలితాలన్నీ వచ్చాక గీతలు బాగా విడిపోయే చోట గీత గీస్తే ఆ మోసం ఇంకా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒక ప్రొటీన్ ముదిరిన దశలో ఎక్కువగా కనిపిస్తుంటే అది చెప్పేది దశ సంగతే. దశ, గ్రంథులు, గ్రేడ్ (కణాలు మామూలు రూపం ఎంత కోల్పోయాయన్న కొలత) లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ప్రొటీన్ అదనంగా ఏమైనా చెబుతోందా అన్నది అసలు ప్రశ్న. చాలా ప్రొటీన్లు అక్కడే రాలిపోతాయి. ఇలాంటి పరిశోధనలు ఏయే వివరాలు బయటపెట్టాలో చెప్పే రిమార్క్ మార్గదర్శకాలు 2005లోనే వచ్చాయి. ఆ తర్వాత కూడా వాటిని పూర్తిగా పాటించిన పత్రాలు తక్కువే.

మరి ఆయుష్షు గురించి నిజంగా ఎక్కువ చెప్పేది ఏది? మీ చేతిలో ఉన్న రిపోర్టులోనే ఉంది, కానీ సగమే ఉంది. ‘పీటీ2’ అని రాసి వదిలేశారు. 2018 నుంచి వాడుకలో ఉన్న, క్యాన్సర్ దశలు నిర్ణయించే అమెరికా కమిటీ ఏజేసీసీ పుస్తకం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం టీ2 దశను రెండుగా విడగొట్టాలి. గడ్డ పొట్ట పొర వైపున్న గోడలో ఉంటే టీ2ఏ, కాలేయానికి అంటుకున్న వైపు ఉంటే టీ2బీ. ఈ తేడా చిన్నది కాదు. ఈ విభజనకు ఆధారమైన 2015 నాటి అంతర్జాతీయ పరిశీలనలో అయిదేళ్లు బతికినవాళ్లు పొట్ట పొర వైపు గడ్డ ఉన్నవారిలో సుమారు 65 శాతం, కాలేయం వైపు ఉన్నవారిలో సుమారు 43 శాతం. ఏ ప్యానెల్ కొనకుండానే, మైక్రోస్కోపు కింద ఉన్న స్లైడును మళ్లీ చూసి చెప్పగలిగిన సంగతి ఇది.

అందుకే ఈ వారం మొదటి పని పాథాలజీ విభాగానికి వెళ్లడం. టీ2ఏనా, టీ2బీనా అని అడగండి. రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి, నరాల వెంట కణాలు పాకాయా అని అడగండి. పిత్తాశయం లోపలి పొర గోడలోకి గుంటలుగా దిగి ఉంటుంది, వాటిని రొకిటాన్‌స్కీ-ఆషాఫ్ సైనస్‌లు అంటారు. క్యాన్సర్ ఆ గుంటల వెంట పరుచుకుని లోతుగా ఉన్నట్టు కనిపించడం ఒకటి, నిజంగా గోడను తొలుచుకుని వెళ్లడం ఒకటి. ఈ రెండిట్లో ఏదో చూడమనండి, ఎందుకంటే దశ తప్పుగా వేయడానికి ఇది ఎప్పుడూ ఉండే కారణం. సిస్టిక్ డక్ట్ (పిత్తాశయాన్ని పైత్యనాళానికి కలిపే గొట్టం) దగ్గరి గ్రంథి ఏదైనా నమూనాతో పాటు వచ్చిందేమో కూడా అడగండి. ‘ఎన్ఎక్స్’ అంటే గ్రంథులు బాగున్నాయని కాదు, పరీక్షకు అసలు రాలేదని. వీలైతే పిత్తాశయ, కాలేయ క్యాన్సర్లు తరచూ చూసే మరో పాథాలజిస్టుతో స్లైడ్లు ఒకసారి చూపించండి.

రెండో పని, మొదటి ఆపరేషన్ నోట్స్ తెచ్చుకోవడం. అందులో వెతకాల్సింది రెండే విషయాలు. ఆపరేషన్ చేస్తున్నప్పుడు పిత్తాశయం చిరిగి పైత్యరసం పొట్టలో ఒలికిందా? బయటికి తీసేటప్పుడు సంచిలో పెట్టి తీశారా? ఒలికితే పొట్ట పొర మీద క్యాన్సర్ విత్తనాలు పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ సంగతి తెలిస్తే సర్జన్ పెద్ద కోతకు ముందు కెమెరాతో పొట్ట లోపల చూసి మొదలుపెట్టాలనుకోవచ్చు. రెండో ఆపరేషన్‌లో కాలేయంలో పిత్తాశయం ఆనుకుని ఉండే భాగాన్ని, చుట్టుపక్కల లింఫ్ గ్రంథుల్ని తీస్తారు. కనీసం ఆరు గ్రంథులైనా పరీక్షకు రావాలి. అంతకంటే తక్కువ వస్తే ‘గ్రంథుల్లో లేదు’ అన్న మాటకి బలం తగ్గుతుంది. 1 నుంచి 3 గ్రంథుల్లో ఉంటే ఎన్1, నాలుగు లేదా ఎక్కువ ఉంటే ఎన్2. ఆ ఒక్క అంకె ఏ ప్రొటీన్ కంటే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మీ రిపోర్టులోని నాలుగు పేర్లు ఒక్కొక్కటీ చూద్దాం. పి53 అనేది దెబ్బతిన్న కణాన్ని విభజన ఆపించే కాపలాదారు. పిత్తాశయ క్యాన్సర్‌లో అన్నిటికంటే తరచుగా చెడిపోయే జన్యువు దీనిదే. అయితే ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటతో ఏమీ తెలియదు. మామూలు కణాల్లో కూడా ఇది అక్కడక్కడా, లేతగా, గట్టిగా కలగలిసి రంగు పట్టవచ్చు, అది సహజమే. దాదాపు అన్ని కేంద్రకాల్లో ముదురుగా రంగు పడితే జన్యువు మారిందని అర్థం. అసలు ఒక్క కణంలో కూడా రంగు పడకపోయినా జన్యువు మారిందనే అర్థం. అంటే ‘నెగటివ్’ అన్నది కూడా చెడు కావచ్చు. పాజిటివ్, నెగటివ్ అని కాకుండా రంగు పడిన తీరు రాయాలి. రాసినా చికిత్స మారదు. కాబట్టి దీని గురించి నిద్ర చెడగొట్టుకోవలసిన పనిలేదు.

కీ-67 విభజనకు సిద్ధమవుతున్న కణాలు నూటికి ఎన్నో చెబుతుంది. రొమ్ము క్యాన్సర్‌లోనూ, న్యూరోఎండోక్రైన్ గడ్డల్లోనూ దానికి విలువ ఉంది. పిత్తాశయంలో వచ్చే మామూలు అడినోకార్సినోమాలో 40 శాతం అయినా 60 అయినా చేసే వైద్యం ఒకటే. పైగా ఎక్కువ రంగు పడ్డ చోట లెక్కపెడితే ఒక అంకె, మొత్తం స్లైడు సగటు తీస్తే మరో అంకె వస్తుంది. ఇ-క్యాడ్‌హెరిన్ కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రొటీన్. అది తగ్గితే కణాలు విడిపోయి పాకడం తేలికవుతుంది. శాస్త్రపరంగా అర్థవంతమైన సంగతే, పరిశోధనల్లో తరచూ కనిపించేదే. కానీ దాన్ని బట్టి డాక్టరు తీసుకునే నిర్ణయం ఏదీ లేదు.

నాలుగోది హెర్‌2. ఇది వేరు, ఇక్కడ ఆగాలి. మీ రిపోర్టు మొత్తంలో పనికొచ్చే ప్రొటీన్ ఇదే, అసంపూర్తిగా వదిలేసిందీ దీన్నే. పిత్తాశయ క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం కేసుల్లో హెర్‌2 అతిగా ఉంటుంది. కణం పైపొర మీద పడే రంగును బట్టి 0, 1+, 2+, 3+ అని మార్కులు వేస్తారు. 0, 1+ అంటే లేదని. 3+ అంటే ఉందని. 2+ అంటే అవునూ కాదు, కాదూ కాదు. అలా వచ్చినప్పుడు ఫిష్ అనే పరీక్ష చేసి, హెర్‌2 జన్యువు నకళ్లు ఎన్ని ఉన్నాయో 17వ క్రోమోజోమ్‌తో పోల్చి లెక్కపెట్టాలి. ఆ నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువైతే పాజిటివ్. మీ అమ్మగారికి ఫిష్ చేయలేదు. గడ్డ ముక్కను దాచి ఉంచిన అదే మైనపు బ్లాక్ మీద చేయమని అడగండి. పిత్తాశయానికి సాధారణంగా జీర్ణాశయ క్యాన్సర్ కొలమానమే వాడతారు, ల్యాబు ఏ కొలమానం వాడిందో రిపోర్టులో రాయమనండి. ఆపరేషన్‌లో తీసిన నమూనా అయితే కనీసం 10 శాతం కణాల్లో రంగు పడాలి. సూదితో తీసిన చిన్న ముక్క అయితే అయిదు కణాల గుంపులో పడినా చాలు.

హెర్‌2 విలువ ఎక్కడుందంటే, జబ్బు తిరగబెట్టినా, ఆపరేషన్‌కి అందనంతగా పాకినా, దానికి సరిపడే మందులున్నాయి. మామూలు కీమో తర్వాత పనిచేసేలా 2024లో అమెరికాలో రెండు మందులకు అనుమతి వచ్చింది. ఏప్రిల్‌లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌కి, హెర్‌2 3+ ఉన్న ఏ గడ్డకైనా. నవంబర్‌లో జానిడాటమాబ్‌కి, హెర్‌2 3+ ఉన్న పైత్యనాళ, పిత్తాశయ క్యాన్సర్లకు. జానిడాటమాబ్ ప్రయోగంలో హెర్‌2 జన్యువు పెరిగిన 80 మందిలో సుమారు 41 శాతం మందికి గడ్డలు గణనీయంగా తగ్గాయి. అంతకుముందు రెండో వరుస కీమోతో (మొదటి కీమో పనిచేయనప్పుడు ఇచ్చేది) చాలా కొద్దిమందిలోనే అలా తగ్గేవి. హెర్‌2 ఉన్నవాళ్లు తక్కువకాలం ఉంటారా, ఎక్కువకాలం ఉంటారా అన్నదానిపై పరిశోధనలు ఒక మాట మీద లేవు. కానీ హెర్‌2 ఉంటే ఒక తలుపు తెరుచుకుంటుందన్నది ఖాయం. ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా ఈ మందులివ్వడం ఇంకా ప్రామాణిక వైద్యంలోకి రాలేదు. కాబట్టి ఫిష్ ఫలితం కోసం ఆపరేషన్ ఆగనక్కరలేదు. ఫలితం వచ్చాక ఫైల్లో భద్రంగా పెట్టండి.

హెర్‌2 ఫలితం తప్పడానికి మామూలు కారణం నమూనాను ఫార్మలిన్‌లో వేసిన తీరు. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున నెమ్మదిగా ఇంకుతుంది. పిత్తాశయాన్ని తెరవకుండా అలాగే డబ్బాలో పడేస్తే, లోపలున్న పైత్యరసం ఫార్మలిన్ చేరేలోపే లోపలి పొరను కరిగించేస్తుంది. ప్రొటీన్లు పాడై రంగు సరిగా పట్టదు. తీసిన గంటలోపు తెరిచి, కడిగి, కణజాలానికి పది రెట్లున్న 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచడం సరైన పద్ధతి. మొదటి ఆపరేషన్ రాళ్ల కోసం జరిగింది కాబట్టి అంత జాగ్రత్త పడి ఉండకపోవచ్చు. రెండో ఆపరేషన్‌లో క్యాన్సర్ దొరికితే ఆ ముక్క మీద కూడా హెర్‌2 మళ్లీ చేయమని ముందే చెప్పి ఉంచండి. ఒకే మనిషిలో ఒక చోట హెర్‌2 ఎక్కువగా, ఇంకో చోట తక్కువగా ఉండటం ఈ క్యాన్సర్‌లో తెలిసిన విషయమే.

మీ రిపోర్టులో లేనిది, చేయించాల్సినది ఇంకొకటుంది. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రొటీన్లు, వీటిని కలిపి ఎంఎంఆర్ ప్రొటీన్లు అంటారు. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు పడే తప్పుల్ని దిద్దే ముఠా ఇది. వీటిలో ఒకటి లేకపోయినా తప్పులు పేరుకుపోతాయి. పిత్తాశయ క్యాన్సర్‌లో అలా జరగడం చాలా అరుదు. అయినా పరీక్ష తేలికైంది, ఫలితం పెద్దది. లేవని తేలితే, జబ్బు ముదిరిన దశలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంటుంది. ఏ అవయవంలో పుట్టిన గడ్డ అని చూడకుండా ఈ లోపం ఉంటే చాలని ఆ మందుకు అమెరికాలో 2017లోనే అనుమతి వచ్చింది. పైగా ఇది క్యాన్సర్ ముప్పు పెంచే, వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్‌కి సూచన కావచ్చు, అంటే మీకూ మీ తోబుట్టువులకూ సంబంధించిన సంగతి. కొన్ని క్యాన్సర్లలో ఇమ్యునోథెరపీకి ముందు చూసే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పరీక్ష మాత్రం ఈ దశలో అవసరం లేదు. ముదిరిన పిత్తాశయ, పైత్యనాళ క్యాన్సర్లలో కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ఇవ్వడానికి ఆ పరీక్ష ఫలితాన్ని షరతుగా పెట్టరు.

రక్తంలో చూసే మార్కర్లకు వద్దాం. సీఏ 19-9 212 వచ్చిందని భయపడ్డారు. ఆ రోజు బిలిరుబిన్ 6.2 ఉంది. పైత్యం అడ్డుపడి నిలిచిపోయినప్పుడు, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు, క్యాన్సర్ లేనివాళ్లలో కూడా ఇది వందల్లోకి వెళ్తుంది. మామూలు గరిష్ఠం మిల్లీలీటరుకు 37 యూనిట్లు. కామెర్లున్న రోజు తీసిన అంకెను పక్కన పెట్టేయండి. బిలిరుబిన్ మామూలు స్థాయికి దిగాక, రెండో ఆపరేషన్‌కి ముందు సీఏ 19-9, సీఈఏ (రక్తంలో చూసే ఇంకో క్యాన్సర్ మార్కర్) రెండూ ఒకేసారి చేయించండి. అది మీ అసలు మొదటి అంకె. కామెర్లు తగ్గినా అది ఎక్కువగానే ఉంటే డాక్టరు స్కాన్లను ఇంకొంచెం లోతుగా చూస్తారు. ఆపరేషన్ తర్వాత దిగి, మళ్లీ వరుసగా రెండుసార్లు పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమో అని స్కాన్ తీస్తారు. ఒక్కసారి కాస్త పెరగడం మీద నిర్ణయం తీసుకోరు.

ఈ పరీక్షల్లో మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. నూటికి 5 నుంచి 10 మందికి లూయిస్ అనే రక్తవర్గ లక్షణం ఉండదు. వాళ్ల ఒంట్లో సీఏ 19-9 దాదాపు తయారే కాదు, క్యాన్సర్ ఎంతున్నా అంకె తక్కువే ఉంటుంది. అలాంటివాళ్లకు సీఈఏ మీదే ఆధారపడాలి. రెండోది, ల్యాబు మారితే యంత్రం మారుతుంది, యంత్రం మారితే అంకె మారుతుంది. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. మూడోది, జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు. పెద్ద మోతాదులో వాడితే కొన్ని యంత్రాల్లో ఈ అంకెలు తప్పుగా తక్కువ చూపిస్తాయి. మీ అమ్మగారు వాడుతుంటే డాక్టరుకి చెప్పి, రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందు ఆపించండి.

నిజానికి ఆయుష్షు అంచనాకు అందరూ పట్టించుకోని రెండు సాదా ప్రొటీన్లున్నాయి, కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలేది ఒకటి, ఒంట్లో మంట ఉన్నప్పుడు పెరిగేది ఇంకొకటి. ఆల్బుమిన్, సీఆర్‌పీ. అనేక క్యాన్సర్లలో ఈ రెండూ కలిపి చూస్తే ఫలితాలతో సంబంధం కనిపించింది. సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. లోపు ఉంటే 0, అది దాటి ఆల్బుమిన్ 3.5 లేదా ఎక్కువ ఉంటే 1, సీఆర్‌పీ దాటడమే కాక ఆల్బుమిన్ డెసీలీటరుకు 3.5 గ్రాముల కంటే తక్కువుంటే 2. దీన్ని సవరించిన గ్లాస్గో ప్రోగ్నాస్టిక్ స్కోరు అంటారు. ప్రమాణాలు చూసుకోండి, కొన్ని ల్యాబులు సీఆర్‌పీని డెసీలీటరుకు ఇస్తాయి. అక్కడ 1 అంటే ఇక్కడ 10. ఆపరేషన్ జరిగిన మొదటి వారాల్లోనూ, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ సీఆర్‌పీ ఎలాగూ పెరుగుతుంది, అప్పుడు ఈ స్కోరు వేయకండి. ఇది కూడా గుంపు లెక్కే. అయినా మిగతావాటికి లేని గుణం ఒకటి దీనికుంది, ఇది చేయగలిగిన పని చూపిస్తుంది. స్కోరు ఎక్కువుంటే ఇన్‌ఫెక్షన్, పైత్యనాళంలో అడ్డు, తిండి తగ్గడం ఏమైనా ఉన్నాయేమో వెతకాలి. క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి, 55 కిలోల మనిషికి సుమారు 66 నుంచి 82 గ్రాములు. ఆల్బుమిన్ బాటిళ్లు ఎక్కించి అంకె పెంచితే జబ్బు గతి మారదు. ఒంట్లో వాపు, మంట ఉన్నంతకాలం కాలేయం ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. పోగొట్టాల్సింది ఆ కారణాన్ని.

ఇక మీ బంధువు చెప్పిన ప్యానెల్. దాన్ని అమ్మేవాళ్లను ఈ ప్రశ్నలు అడగండి. ఎంతమంది పిత్తాశయ క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు, పైత్యనాళ క్యాన్సర్ వాళ్లను కలపకుండా? మొదట తయారుచేసిన గుంపు మీద కాకుండా, వేరే ఆసుపత్రిలోని వేరే గుంపు మీద అదే హద్దుతో మళ్లీ నిరూపించారా? దశ, గ్రంథుల వివరాలకు ఇది అదనంగా ఎంత చెబుతుంది? ఈ చివరి ప్రశ్నకు సీ-ఇండెక్స్ అనే అంకెతో జవాబివ్వాలి. 0.5 అంటే బొమ్మా బొరుసా వేసినట్టే, 1 అంటే తిరుగులేనిది. దశ ఒక్కటే ఇచ్చే అంకె ఎంత, ప్యానెల్ కలిపాక ఎంత అన్నది పక్కపక్కన చూపించలేకపోతే ముందుకెళ్లకండి. ఆఖరున, ఫలితం చెడుగా వస్తే ఏ మందు మార్చాలి, బాగుంటే ఏ మందు ఆపాలి? దీనికి జవాబు లేని పరీక్ష మీకు బెంగను మాత్రమే ఇస్తుంది.

ప్యానెల్‌తో ఇంకో నష్టముంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మైనపు బ్లాక్‌లో ఉన్న గడ్డ ముక్క పరిమితం. ఒక్కో రంగుకు సుమారు 4 మైక్రాన్ల మందంతో ఒక పొర కోస్తారు. పది పదిహేను పొరలు ప్యానెల్‌కి పోతే, రేపు నిజంగా కావాల్సిన ఫిష్‌కీ, జన్యు పరీక్షకీ ముక్క మిగలకపోవచ్చు. హెర్‌2 ఫిష్, నాలుగు ఎంఎంఆర్ ప్రొటీన్లు, అవసరమైతే జన్యు పరీక్ష. వరుస ఇదే. కోసిన స్లైడ్లు నెలల తరబడి పెట్టెలో ఉంటే రంగు పట్టే గుణం తగ్గుతుంది కాబట్టి ‘ముందే కోసి పెట్టండి’ అనకండి, బ్లాక్‌గానే భద్రపరచమనండి. దాని నంబరు రాసి పెట్టుకోండి.

ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు కాపెసిటబిన్ మాత్రలు ఇవ్వడం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. ఆ మందు ఒంట్లో విరిగిపోవడానికి డీపీడీ అనే ఎంజైమ్ కావాలి. అదీ ప్రొటీనే. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మామూలు మోతాదు ఇస్తే నోటిపూత, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం ప్రాణం మీదకు తెస్తాయి. మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ ఎంజైమ్‌ను తయారుచేసే డీపీవైడీ జన్యువు పరీక్ష గురించి డాక్టరుని అడగండి. ఇంకో పరీక్ష మీద శ్రద్ధ పెట్టాలనుకుంటే అది దీని మీద పెట్టండి.

‘ఎంతకాలం’ అన్న ప్రశ్నని ఈ రోజు అడిగితే ఎవరి దగ్గరా నిజమైన జవాబు ఉండదు. రెండో ఆపరేషన్ రిపోర్టు వచ్చాక అడగండి. అప్పటికి గ్రంథుల సంఖ్య, కాలేయంలో మిగిలిందా లేదా, అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్నవి తెలిసి ఉంటాయి. అప్పుడు కూడా ఒక్క అంకె అడగకండి. బాగా నడిస్తే ఎలా ఉంటుంది, ఎక్కువమందికి ఎలా జరుగుతుంది, బాగా జరగకపోతే ఎలా ఉంటుంది అని మూడు భాగాలుగా అడగండి. డాక్టర్లు ‘మీడియన్’ అని చెప్పే అంకె సగం మంది అంతకంటే తక్కువ, సగం మంది అంతకంటే ఎక్కువ ఉన్న చోట గీసిన గీత మాత్రమే. ఆ గదిలో మీ అమ్మగారు కూడా ఉంటారు కాబట్టి, ముందు రోజు ఇంట్లోనే ఆవిడను అడగండి, ఈ సంగతి తనకు ఎంతవరకు తెలియాలనుకుంటున్నారో. కొందరు అంతా వినాలంటారు, కొందరు చికిత్స వివరాలు చాలు, అంకెలు వద్దంటారు. ఆవిడ ఏమంటే అది డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.